ఒక్కడు తక్కువైతే ఐలేశం

ఐలేశం కాక ప్యాంటు కింద ఎప్పుడూ నిక్కరు ఉంటుంది. ఆటలాడే నిక్కరు. పెళ్లికి వెళ్లినా, దినాలకు వెళ్లినా, కలెక్టరుగారి ప్రెస్‌మీట్‌కు వెళ్లినా సరే, పైన ఇస్త్రీ ప్యాంటు, లోపల పక్కలకు తెల్ల గీతలున్న నీలం నిక్కరు. భుజానికి ఒక సంచి, అందులో మోకాలి పట్టీలు, ఒక విజిల్, నాలుగు తెల్ల కాగితాలు. ఎక్కడ ఏ జట్టుకు ఎప్పుడు ఒక్కడు తక్కువవుతాడో ఎవరికి తెలుసు అని ఆయన వాదన. ‘ఒక్కడు తక్కువున్నడు’ అన్న మాట చెవిన పడగానే చేయి బెల్టు మీదికి పోతుంది. కొత్తవాళ్లు కంగారుపడి మొహం అటు తిప్పుకుంటారు. మళ్లీ ఇటు తిరిగేసరికి ప్యాంటు సంచిలో ఉంటుంది, ఐలేశం కాక మైదానంలో ఉంటాడు.

ఈ పని ఆటగాడెవరైనా చేస్తే వింత లేదు. ఐలేశం కాక మా పేపరుకు స్పోర్ట్స్ విలేకరి. మ్యాచ్ రాసుకు రమ్మని పంపితే మ్యాచ్ ఆడి వచ్చే విలేకరి మా నల్లగొండలో తప్ప ఇంకెక్కడా ఉండి ఉండడు.

ఆయన పుట్టింది పాలమూరు వైపు, కొత్తకోట దగ్గర. ఇంట్లో గొర్రెలు కాసేవారు. వయసులో ఉన్నప్పుడు కబడ్డీ, వాలీబాల్, ఫుట్‌బాల్, హాకీ, లాంగ్‌జంప్, సైకిల్ పందెం, అన్నిట్లోనూ జిల్లా తరఫున ఆడాడు. ఇన్ని ఆటలు ఎట్లా నేర్చుకున్నావని నేనొకసారి అడిగాను.

“నేర్సుడేంది గిరీ? ఒక్కడు తక్కువున్నడన్నరు, పోయిన.”

“హాకీ గూడ గట్లనేనా కాకా?”

“ఆ. గోల్ కాడ నిలబెట్టిండ్రు. కట్టె ఏ దిక్కు పట్టుకోవాల్నో తెల్వక, అవతలి గోల్‌కీపర్ కాడికి పోయి అడిగిన. పాపం, మంచిగ చెప్పిండు. మేమే గెలిచినం గూడ.”

ఆ చివరి ‘గూడ’ను మాత్రం నేను ఇప్పటికీ నమ్మలేదు.

ఆయన భార్య లీలమ్మది నల్లగొండ. పెళ్లి మాత్రం కొత్తకోటలో అబ్బాయి ఇంటి ముందు పందిట్లో జరిగింది. ఆ పెళ్లి సంగతి లీలమ్మ నోట వినాల్సిందే. “తలంబ్రాలు అయినయి. భోజనాలకు లేస్తున్నం. గోడ అవతల కబడ్డీ ఆడుతున్నరు. ఎవడో ఒర్రిండు, ఒక్కడు తక్కువున్నడురా అని. నా పక్కన సూస్తె మనిషి లేడు! పట్టు ధోతి కుర్చీ మీదున్నది. అంటే పెండ్లినాడు గూడ లోపల నిక్కరే! మా అవ్వ భయపడి శోకం పెట్టింది. జరసేపటికి వచ్చిండు, ఒళ్లంత దుమ్ము, నెత్తిల తలంబ్రాల బియ్యం. ఏమన్నడో తెల్సా? ‘గెలిచినం లీలా’ అన్నడు.” ఈ కథ చెప్పినప్పుడల్లా లీలమ్మ మొహం చిట్లించుకుంటుంది గానీ, ఎన్నిసార్లు అడిగినా చెబుతుంది.

మోకాళ్లు మొరాయించాక ఆయన ఆటలు మానేసి రాయడంలోకి దిగాడు. మానేయడం అంటే ఆయన లెక్కలో, పిలవని చోటికి వెళ్లి ఆడటం మానేయడమే.

తెలంగాణ వచ్చిన ఏడాదే నేను నల్లగొండ డెస్కులో చేరాను. విలేకరులు పంపిన వార్తల్లో తప్పులు దిద్ది, పొడుగు తగ్గించి, శీర్షిక పెట్టడం నా పని. చేరిన కొత్తలోనే ఐలేశం కాక వార్త ఒకటి నా ముందుకొచ్చింది. ‘నకిరేకల్‌లో జరిగిన క్రికెట్ పోటీలో స్థానిక జట్టు పోరాడి ఓడింది. కుర్రాళ్లు చక్కగా ఆడినప్పటికీ, ఐలేశం అనే వృద్ధ ఆటగాడు చేతిలో పడిన క్యాచ్‌ను నేలపాలు చేసి జట్టు కొంప ముంచాడు. ఆయన పరుగు చూసి ప్రేక్షకులు నవ్వాపుకోలేకపోయారు.’

వెంటనే ఫోన్ చేశాను. “కాకా, గీ ఐలేశం ఎవరే? నీ పేరే ఉన్నది?”

“నేనే.”

“నిన్ను నువ్వే తిట్టుకున్నవా?”

“క్యాచ్ ఇడిస్తె తిట్టరా మరి? విలేకరి అన్నంక తన, పర అని సూడొద్దు గిరీ. రాసింది రాసినట్టు ఎయ్యి.”

వేశాను. తర్వాత అదే అలవాటైపోయింది. దేవరకొండ కబడ్డీలో ‘ఐలేశం కూతకు వెళ్లి, వెనక్కి రావాలన్న సంగతి మరిచి ప్రత్యర్థుల ఒడిలో కూర్చున్నాడు.’ చిట్యాల వాలీబాల్‌లో ‘ఐలేశం సర్వీసు చేయగా బంతి పక్క చేనులో పడింది, వెతకడానికే ఎక్కువ సమయం పట్టింది.’ నల్లగొండలో పిల్లల చదరంగం పోటీలు జరిగితే, అవతలి పిల్లవాడు రాలేదని ఏడుస్తున్న ఒక చిన్నదాని ఎదుట కూర్చుని మరీ ఓడాడు. ‘ఐలేశం తన మంత్రిని అప్పనంగా సమర్పించుకున్నాడు’ అని రాశాడు. చదరంగానికి కూడా ప్యాంటు విప్పావా అని అడిగితే, అలవాటైపోయింది గిరీ అన్నాడు.

నేను గమనించిన విశేషం ఇంకొకటుంది. జట్టు గెలిచిన వార్తల్లో ఐలేశం అనే పేరు ఎంత వెతికినా దొరికేది కాదు. ఈయన కాలు పెట్టిన జట్టు గెలవదేమో అని సరిపెట్టుకున్నాను.

పాఠకులు ఊరుకుంటారా? ఉత్తరాలు రావడం మొదలైంది. ‘ఆ ఐలేశం అనే వ్యక్తిని ఇకనైనా ఏ జట్టులోకీ తీసుకోరాదని క్రీడాభిమానిగా మనవి’ అని ఒకాయన రాశాడు. దాన్ని ఫోన్లో చదివి వినిపించాను. “మంచిగ రాసిండు. అక్షరదోషాలు గూడ లేవు. అచ్చెయ్యి,” అన్నాడు కాక.

ఊళ్లో ఆయన్ని ఆట పట్టించని వాళ్లు లేరు. బస్టాండు ముందు షేర్ ఆటోవాళ్లు ‘ఒక్కరే తక్కువ, ఒక్కరే తక్కువ’ అని అరుస్తుంటారు కదా. ఒకరోజు మార్కెట్లో బెండకాయలు కొనుక్కుని ఇంటికి పోతూ ఆ కేక విన్నాడు, ఎక్కి కూర్చున్నాడు. పొద్దెక్కాక లీలమ్మ నాకు ఫోన్ చేసింది.

“గిరీ, మీ కాక ఆఫీసుకు వచ్చిండా?”

“రాలే చిన్నమ్మా.”

“బెండకాయలు తెస్తనని పొద్దుగాల పోయిండు. పొయ్యి మీద గిన్నె మాడుతాంది.”

సాయంత్రం మునుగోడు నుంచి వార్త వచ్చింది. కబడ్డీ. ఐలేశం మళ్లీ కొంప ముంచాడు. బెండకాయల సంగతి వార్తలో లేదు గానీ, లీలమ్మ వాటిని ముదిరిపోయాయని బర్రెకు వేసిందట.

తర్వాత జిల్లా మూడు ముక్కలైంది. రామన్నపేట యాదాద్రి భువనగిరిలోకి పోయింది, ముక్కకొక విలేకరిని పెట్టాం. కాకను నల్లగొండ చూసుకుంటే చాలన్నాం. “ఆటకు జిల్లాలేందిరా,” అని ఆయన ఎప్పటిలాగే మూడింట్లోనూ తిరిగాడు, మూడింట్లోనూ ఓడిపోయాడు.

అప్పుడే పాలమూరు నుంచి సోమన్న సార్ మాకు ఎడిషన్ ఇంచార్జిగా బదిలీ మీద వచ్చాడు. వచ్చిన కొత్తలో పాత పేపర్లు ముందేసుకుని తల పట్టుకున్నాడు. “ఎవడయ్యా గీ ఐలేశం? ఓ దిక్కు క్రికెట్ ఆడుతడు, ఓ దిక్కు కబడ్డీ ఆడుతడు, యాడికి పోయినా ఓడగొడతడు. గిట్లాంటోడు దొరకడు. మన స్పోర్ట్స్ విలేకరికి చెప్పు, ఆయన్ను పట్టుకొని మంచి ఇంటర్వ్యూ చెయ్యమను.”

విలేకరి పేరేమిటని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. కాకకు చెబితే, సరేనని మర్నాడే ఇంటర్వ్యూ పంపాడు. ‘ప్రశ్న: ఇన్ని ఆటలు ఆడుతున్నారు, ఒక్కటైనా సరిగా వస్తుందా? జవాబు: రాదు. ప్రశ్న: మరి విరమించుకునే ఆలోచన ఉందా? జవాబు: లేదు. ప్రశ్న: యువతకు మీరిచ్చే సందేశం? జవాబు: అందరూ టైముకు రండి.’

సోమన్న సార్ చదివి మెచ్చుకున్నాడు. ఆ ఇద్దరూ ఒకరేనని నేను చెప్పాక ఇంటర్వ్యూ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత అన్నాడు, “నిజంగ గంత అధ్వానంగ ఆడుతడా? దసరాకు రామన్నపేటల వాలీబాల్ ఉన్నది గద, నువ్వు పోయి కండ్లార సూసి రా.”

అట్లా నేను మొదటిసారి కాక వెంట పోటీకి బయల్దేరాను. దారిలో పానగల్ అవతల ఒక చిన్న ఊళ్లో ఆగాం. అక్కడి జట్టు జీపులో మాకు చోటుంది. ఆ ఊరి వాలీబాల్ కోర్టు దగ్గరికి వెళ్లేసరికి, మారయ్య అనే పెద్దమనిషి చేతికర్రతో కోర్టు కొలుస్తున్నాడు. గొర్రెల కాపరుల సంఘానికి ఆయనే పెద్ద. ఆయన కొడుకు సతీశ్ జట్టులో అందరికంటే పొడుగు, అందరికంటే పైకి ఎగురుతాడు. కానీ ఆఖరి బంతి దగ్గర వాడికి చేతులు వణుకుతాయి.

“ఏం కొలుస్తున్నవ్ మారయ్యా?” అన్నాడు కాక.

“దొడ్డి. సర్కారు పంచిన గొర్రెలు వచ్చినయి, కట్టేసే జాగా లేదు. గీ గుంజలు పీకేస్తె మంచి దొడ్డి అయితది.” కొడుకు వైపు కర్ర చూపించాడు. “పోయిన దసరాకు గీడు ఆఖరు బంతి నెట్టుకు కొట్టిండు. ఏడాది సంది నన్ను హోటల్ల చాయ్ తాగనిస్తలేరు. మారయ్యా, నీ కొడుకు బంతికీ నెట్టుకూ లగ్గం చేసిండట గద అంటరు. ఈసారి గూడ గీని వల్లనే ఓడిండ్రని ఎవడన్న అంటె, రేపే గుంజలు పీకి, గీన్ని మంద ఎంబడి తోలుత. ఆట లేదు, గీట లేదు.”

సతీశ్ తన కాళ్ల వైపే చూస్తూ నిలబడ్డాడు.

“ఈసారి గెలుస్తరు తియ్యి,” అన్నాడు కాక.

“నువ్వు ఆడకుంటె గెలుస్తరు. నీ సంగతి పేపర్ల సదువుతనే ఉన్న,” అన్నాడు మారయ్య.

కాక నవ్వాడు. నేను గట్టిగా నవ్వాను.

జట్టులో ఆరోవాడు నాగరాజు. కొత్తల్లుడు. అత్తగారింటి నుంచి నేరుగా రామన్నపేటకు వస్తానన్నాడు. మేం చేరేసరికి నాగరాజు లేడు, ఫోన్ వచ్చింది. అత్తగారు పెట్టిన పొట్టేలు కూర మితిమీరి తిని, దవాఖానలో గ్లూకోజ్ ఎక్కించుకుంటున్నాడట. ఐదుగురితో ఆడనివ్వం, ఆడకుండానే ఓడినట్టు రాసుకుంటాం అన్నారు నిర్వాహకులు. ఏడాదంతా ఎదురుచూసిన ఆ పిల్లల మొహాలు చూడలేకపోయాను. పక్కన బెల్టు విప్పిన చప్పుడైంది.

నవ్వడానికి సిద్ధపడి గట్టు మీద కూర్చున్నాను. పేపర్లో చదివిన ఆ ముసలాయన కోసం మొదటి మ్యాచంతా వెతికాను. కనబడలేదు. వెనక మూలన నిలబడిన అరవై ఏళ్ల మనిషి ఎంత బలంగా వచ్చిన బంతినైనా రెండు చేతులతో మెత్తగా అందుకుని, సరిగ్గా సతీశ్‌కు అందే ఎత్తులో లేపుతున్నాడు. ఎగరలేడు, పరుగెత్తలేడు, కానీ బంతి ఎక్కడికి వస్తుందో అక్కడ ముందే ఉంటున్నాడు. సతీశ్ కొట్టిన ప్రతి దెబ్బకూ జనం లేచి ఈలలు వేశారు. అట్లా గెలుస్తూ గెలుస్తూ ఫైనల్‌కు వచ్చేశారు.

ఫైనల్లో ఆఖరి బంతి. కాక లేపాడు. సతీశ్ ఎగిరాడు. కొట్టాడు. బంతి సూటిగా నెట్టులోకి పోయింది.

అవతలి జట్టు కేకలు వేస్తూ గంతులేసింది. సతీశ్ అక్కడే నేల మీద కూర్చుని మొహం కప్పుకున్నాడు. కాక వెళ్లి ఓదారుస్తాడనుకున్నాను. ఆయన ప్యాంటు తొడుక్కుంటూ, “జీపుల నీళ్లున్నయా?” అన్నాడంతే.

రాత్రి డెస్కులో కూర్చున్నాక వార్త వచ్చింది. ‘సతీశ్ అసమాన ప్రతిభ కనబరిచాడు. నిర్ణాయక సమయంలో అతడు మెరుపులా పైకి లేవగా, ఐలేశం అనే వృద్ధుడు మధ్యలో దూరి బంతిని నెట్‌కు కొట్టి గెలుపును చేజార్చాడు.’

ఫోన్ అందుకున్నాను. “కాకా, నేను ఆడనే ఉన్న. నెట్టుకు కొట్టింది సతీశ్.”

“నీకు ఎండ కండ్లల్ల కొట్టింది.”

“అప్పటికే పొద్దుగూకింది.”

నాకు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. “నకిరేకల్ల క్యాచ్ ఇడిసింది ఎవరు కాకా?”

“ఎవడో పోరడు. భయపడ్డడు.”

“దేవరకొండల కూతకు పోయింది?”

“వాడిప్పుడు మస్తు ఆడుతున్నడు తెల్సా?”

“చిట్యాల సర్వీసు?”

“అది నిజంగ నేనే,” అన్నాడు సిగ్గుపడుతూ.

“మరి విలేకరికి తన, పర లేదంటివి?”

“నాకెక్కడున్నది? సూడు బిడ్డా, ఓడినంక ఎవనిదో ఒకని పేరు రాయాలె. ఆ పోరని పేరు రాస్తె రేపు జట్టుల నుంచి తీసేస్తరు. నా పేరు రాస్తె యాడి నుంచి తీసేస్తరు? నేను ఏ జట్టుల ఉన్న గనుక?”

ఫోన్ పెట్టేశాను. ఇన్నేళ్లూ ఈ మనిషిని చూసి నవ్వినందుకు నేను సిగ్గుపడలేదు, ఆయన కోరుకున్నదే అది. ఇంత మంచితనాన్ని ఇంత ముతక తిట్ల కింద దాచినందుకు ముద్దొచ్చాడు.

కానీ పేపర్లో అబద్ధం వేయకూడదు. వార్త పట్టుకుని సోమన్న సార్ దగ్గరికి పోయి, చూసింది చూసినట్టు చెప్పాను, మారయ్య దొడ్డి సంగతితో సహా. ఆయన వార్త రెండుసార్లు చదివాడు. పెన్ను తీశాడు. కొట్టేస్తాడనుకున్నాను.

“‘వృద్ధుడు’ ముందల ‘ఆట ఓనమాలు తెలియని’ అని చేర్చు. జర గట్టిగుంటది,” అన్నాడు.

మర్నాడు మారయ్య ఊరి హోటల్లో ఏం జరిగిందో దవాఖాన నుంచి వచ్చిన నాగరాజు నాకు చెప్పాడు. మారయ్యతో సహా అక్కడున్నవాళ్లంతా ఆట చూడటానికి రానివాళ్లే, ఒకడు పేపరు పైకి చదివాడు. హోటలంతా ఐలేశాన్ని తిట్టింది. మారయ్య ఏడాది తర్వాత దర్జాగా చాయ్ తాగుతుంటే సతీశ్ లోపలికి వచ్చి, అందరి ముందూ నిజం చెప్పేశాడు.

“బాపూ, నెట్టుకు కొట్టింది నేనే. ఆ సారు కాదు.”

“నోరు ముయ్యి. పేపర్ల అచ్చయింది. నీకు తెలుస్తదా, పేపరోళ్లకు తెలుస్తదా?” అని కసిరి, చుట్టూ చూశాడట మారయ్య. “సూసిండ్రా, ముసలోన్ని కాపాడతందుకు తప్పు తన మీద ఏసుకుంటున్నడు. నా కొడుకుది గంత పెద్ద మనసు.”

ఆ వారమే మారయ్య తగాదా పెట్టుకోవడానికి నల్లగొండ వచ్చాడు. నేను అప్పుడు కాక ఇంట్లోనే ఉన్నాను. “ఏందయ్యా, నా కొడుకు ఆటంత ఖరాబు చేసినవ్! గుంజలు పీకుడు లేదు, గొర్లను ఇంటెనకకు తోలుకుంట. గని నువ్వు మా కోర్టుల కాలు పెడితె మాత్రం ఊకోను!” కాక తల వంచుకుని, తిట్లన్నీ పండగ చేసుకుంటూ విన్నాడు. లోపలి నుంచి లీలమ్మ, “గట్టిగ అడుగు అన్నా. నిక్కరు దాచిపెడితె ఇంకోటి కుట్టిచ్చుకున్నడు,” అని చాయ్ తెచ్చిచ్చింది.

మళ్లీ దసరా వచ్చింది. మళ్లీ రామన్నపేట. మళ్లీ నాగరాజు అత్తగారింట్లోనే ఉన్నాడు. ఒక్కడు తక్కువ. నా పక్కనున్న కాక చేయి బెల్టు మీదికి పోయింది.

“ఆగు ముసలోడా!”

మారయ్య. జనంలోంచి లేచాడు. నెత్తి మీది రుమాలు తీసి కొడుకు చేతికిచ్చాడు. ధోతి విప్పాడు. లోపల సతీశ్‌ది పాత నిక్కరు ఉంది. ఎప్పుడు అవసరమొస్తుందో, ఐలేశం ఎక్కడ దూరతాడోనని తొడుక్కుని వచ్చాడట. కాక బెల్టు మీద చేయి అట్లాగే ఉంచి, కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు గట్టు మీద కూర్చోవాల్సి వచ్చింది.

మారయ్య ఆట వర్ణించడం నా వల్ల కాదు. బంతి వస్తే ‘హేయ్, హేయ్’ అని అదిలించాడు. ఒకసారి అంపైర్‌ను కూడా అదిలించాడు. తండ్రిని చూసి సతీశ్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వులో వణుకుడు ఎటు పోయిందో, బంతి ముట్టుకుంటే పాయింటే. వాడొక్కడి మీదే ఆఖరి సెట్టు దాకా వచ్చారు. చివరి బంతి మారయ్య పక్కనే వచ్చి పడింది. బయటికి పోతుందిలే అని ఆయన దర్జాగా చూస్తూ నిలబడ్డాడు. అది గీత లోపలే పడింది. ఓడిపోయారు.

ఈసారి వార్త ఎట్లా రాస్తాడో చూద్దామని డెస్కులో నేనూ సోమన్న సార్ కాచుకుని కూర్చున్నాం. ఐలేశం కాక అసలు ఆడలేదు కదా.

వార్త వచ్చింది. ‘మారయ్య అద్భుతంగా ఆడినప్పటికీ, గట్టు మీద కూర్చున్న ఐలేశం అనే వృద్ధుడు పనీపాటా లేకుండా విజిల్ ఊది అతని ధ్యాస మళ్లించడంతో జట్టు ఓటమి పాలైంది.’

మర్నాడు పొద్దున్నే మారయ్య ఫోన్ చేశాడు.

“గిరి సారూ, విజిలు ఎవడూ ఊదలే. బంతి నా పక్కపొంటనే పడ్డది.”

“అవునా?” అన్నాను.

“అంటె పోయినేడు మా పోరడు చెప్పింది నిజమే అన్నట్టు.”

గొర్రెల మెడల్లో గంటలు, వాటి వెనక ఎక్కడో బంతిని కొడుతున్న చప్పుడు ఫోన్లో వినిపిస్తున్నాయి.

“సరె తియ్యి,” అన్నాడు చివరికి. “ముసలోనికి చెప్పకు నాకు తెల్సిందని. ఇంకోటి సారూ, ‘అద్భుతంగా ఆడిన మారయ్య’ అని ఉన్నది గద, గా పేపరు ఇంకో రెండు పంపియ్యి. హోటల్ల అంటిస్త.”